వేరుతో ఇచ్చిన మొక్కలు

ఆ ఏడు బళ్ళారి మండీలో నా గంపలు దించిన దలాలి పైన కప్పిన ఆకులు తొలగించి చూసి, "ఇవి గట్టుకు ఈ తట్టువా, ఆ తట్టువా అప్పా?" అని అడిగాడు.

మాది మోక దగ్గర. ముప్పై ఏళ్ళుగా మా అంజూర పండ్లు ఆ మండీకే పోతున్నాయి. మా నాయన బతికున్న రోజుల్లో గంపకు కట్టిన గుడ్డ చూసే మావని చెప్పేవాళ్ళు. ఈ తట్టువే అన్నాను. దలాలి ఆకులు మళ్ళీ కప్పి, గంపలను గోడవారకు జరిపి, వాకిలి ముందున్న చోటు ఖాళీగానే ఉంచాడు. ఆ చోటు ఎవరి గంపల కోసమో నాకు తెలుసు.

తిరిగి వచ్చే బస్సులో ఒక సంగతి గమనించాను. నా పండ్లు ఉసిరికాయలంత అయ్యాయి. నలభై చెట్లు ఎండిపోయాయి. వాటి గురించి నాకు బాధ కలగడం లేదు. బాధంతా ఆ ఖాళీ చోటు చుట్టూనే తిరుగుతోంది. నా తోట చావడం నేను ఓర్చుకోగలను, పక్క తోట కూడా చస్తే. ఈ మాట నాలో నేను స్పష్టంగా అనుకున్నది ఆ రోజే. అనుకోగానే పక్కన కూర్చున్నవాడికి వినబడిందేమోనని తల తిప్పి చూశాను.

గట్టుకు ఆ తట్టున ఉన్నది పిచ్చయ్య. తుంగభద్ర కాలువ పారాక వరి పండించుకోవడానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిగినవాళ్ళలో ఒకడు. కాలువ కింద అతనికి వరి మడులున్నాయి. వాటికి పైన, కాలువ నీరెక్కని రెండెకరాల ఇసుక నేల ఒకటి మా తోటను ఆనుకొని ఉంటే, అమ్మినవాడు దాన్ని ఎవరూ కొనరని వరి పొలంతో కలిపేసి వదిలించుకున్నాడు. దాంట్లో ఒక పాత బావి ఉంది. పిచ్చయ్య వచ్చిన రెండో ఏడు, ఒక పొద్దున, భార్య శివపార్వతితో కలిసి మా ఇంటికి వచ్చాడు. ఆమె చేతిలో చిన్న జాడీ నిండా ఆవకాయ. అతను కాసేపు వానల గురించీ కన్నడం నేర్చుకోవడానికి పడుతున్న పాట్ల గురించీ మాట్లాడి, చివరికి, తనక్కూడా నాలుగు అంజూర మొక్కలు కావాలన్నాడు. మీ తోట చూస్తుంటేనే కడుపు నిండిపోతుందండి విరూపాక్షయ్య గారూ అన్నాడు.

అంజూర ఇవ్వడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరడిగినా కొమ్మ కోసి ఇవ్వాలి. నాటుకొని వేరు పోయించుకోవడం తీసుకున్నవాడి పని. వేరుతో పెకిలించి ఇస్తే తోట సత్తువ దాని వెంట పోతుందని మా నాయన నమ్మకం. ఆయన ఎవరికీ వేరుతో ఒక్క మొక్క ఇవ్వలేదు. నేను పిచ్చయ్యకు అరవై ఇచ్చాను.

అవి నారుమడి మూలలోవి. రెండేళ్ళయినా జానెడు ఎదగనివి. పారేద్దామనుకుంటూ వదిలేసినవి. పెకిలిస్తుంటే వేళ్ళ మీద సజ్జగింజలంత బుడిపెలు కనిపించాయి. నిజంగా చూశానా, తరువాత తెలిసినదాన్ని బట్టి చూశాననుకుంటున్నానా అని నన్ను నేను ఎన్నోసార్లు అడుక్కున్నాను. చూశాను. ఒక మొక్క వేరును బొటనవేలితో రాశాను కూడా. బుడిపె రాలలేదు. ఆ మొక్కను తక్కినవాటిలో పెట్టాను.

అప్పటికి పిచ్చయ్య మీద నాకు అసూయ పడాల్సిందేమీ లేదు. పరాయి ఊరు, రాని భాష, ఇసుక నేల. అలాంటివాడికి చెడ్డ మొక్కలు ఎందుకిచ్చాను? కడుపు నిండిపోతుందన్న మాట నాకు నచ్చింది. ఆ మాట ఇంకో తోటను చూసి ఇంకెవరూ అనకూడదని నాలో ఏదో ముందే ఏర్పాటు చేసుకుంది. అసూయకు కారణం తరువాత దొరుకుతుంది. అది మాత్రం ముందే వచ్చి కూర్చుంటుంది.

నా భార్య విజయమ్మ ఆ వేళ్ళకు తడి గోనె చుడుతూ, మామ ఉండింటే వేరుతో ఇయ్యనిచ్చునా అంది. వాళ్ళకు కొమ్మ నాటడం తెలీదులే అన్నాను. ఆమె ఆ రోజు నన్ను చూసిన చూపులో కొంచెం గౌరవం ఉంది. పిచ్చయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ గౌరవాన్నీ ఆ దండాన్నీ నేను తీసుకున్నాను.

మా నాయన తోటను ఊడ్చేవాడు. పొలంలో పనిచేసేవాళ్ళకు ఈ మాట వింతగా ఉంటుంది, కానీ మాకు అది నిత్యకృత్యం. పొద్దున్నే చెట్ల కింద రాలిన ఆకునంతా ఊడ్చి కుప్పపోసి నిప్పు పెట్టేవాడు. గడ్డిపోచ కనిపిస్తే పీకేవాడు. వచ్చినవాళ్ళు తోటలో అన్నం ఆరబోసుకొని తినొచ్చు అనేవాళ్ళు. ఆయన సంతోషపడింది నేను చూసినంతలో ఆ మాటకే. ఆయన పోయాక నేనూ అలాగే ఊడ్పించాను. వేసవిలో మా నేల తెల్లగా, పిండిలాగా, మధ్యాహ్నం కాలు పెడితే బొబ్బలెక్కేలా ఉండేది. అదే తోట అందమనుకున్నాను.

పిచ్చయ్య తోటలో అంతా దీనికి తలకిందులు. మొక్కలు నాటకముందే గుంతల్లోకి వరిమడుల్లోంచి తెచ్చిన నల్లమట్టి, పేడ, కుళ్ళిన గడ్డి దింపాడు. గానుగవాళ్ళ దగ్గర్నుంచి నూనె తీయగా మిగిలిన కానుగ చెక్క బండి మీద తెచ్చి దంచి కలిపాడు. తొలకరికి మొక్కల నడుమ జనుము చల్లాడు. అది నడుమెత్తు పెరిగి పచ్చగా పూసేసరికి, పైరు చేతికొచ్చిందనుకుంటుంటే, ఎద్దులు కట్టి దున్ని మట్టిలో తొక్కేశాడు. రాలిన ఆకు రాలినచోటే. కోస్తావాడు అంజూరకు కూడా దమ్ము చేస్తాండాడు అని ఊళ్ళో నవ్వుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

ఆ ఏడే కొట్రమ్మ గట్టు దాటింది. కొట్రమ్మ మా తోటలో ముప్పై ఏళ్ళు చీపురు పట్టిన మనిషి. నన్ను చంకనేసుకొని, బావిలో నీళ్ళు తోడే కపిల ఎద్దుల వెనక తిరిగిన మనిషి. మోకాళ్ళు పోయాయి. చెట్ల మొదళ్ళలో ఆకు వదిలేస్తోందని నేనొకరోజు కసిరాను. మరుసటి రోజు రాలేదు. ఆ తరువాత రోజు పిచ్చయ్య తోటలో, నీడలో కూర్చొని కానుగ చెక్క దంచుతూ కనిపించింది. మా నాయన కాలం నుంచీ ఆమె నోట ఒకటే మాట: ఆకు చెట్టుది, చెట్టుకే విడిస్తే ఏం పోయె అని. మా నాయన కోప్పడేవాడు. ఆ మాట గట్టుకు అవతల ఎవరో విన్నారు.

మూడో ఏడు పిచ్చయ్య చెట్లు కాపుకొచ్చాయి. అదే ఏడు మా చెట్లు పాలిపోయాయి. నీళ్ళు కట్టినా మధ్యాహ్నానికి ఆకు వాలిపోయేది. కాయ సగంలో రాలిపోయేది. చచ్చిన చెట్టు ఒకదాన్ని తవ్విస్తే వేళ్ళు పూసలు గుచ్చిన తాళ్ళలాగా పైకి వచ్చాయి. వాటిని గుడ్డలో మూటగట్టి బళ్ళారి తీసుకుపోయాను. వ్యవసాయ ఆఫీసులో ఒకాయన అద్దం పెట్టి చూసి, ఇది నులిపురుగు, కంటికి కనబడదు, ఈ బుడిపెల్లో కాపురముంటుంది అన్నాడు. మందు ఏదో ఉందట, భూమిలోకి సూదితో ఎక్కించాలట, మనకు దొరకదట. ఇసుక నేలలో, ఒట్టి నేలలో దీని ఆట ఎక్కువ, ఇట్లాగే ఉంటే ఇంకో వేసవి దాటదు, పీకేసి వేరే పెట్టుకో అన్నాడు. మూడు వందల చెట్లు, మా నాయన చేత్తో పెట్టినవి. నేను వేళ్ళను మళ్ళీ మూటగట్టుకుంటూ ఆయన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది పక్క తోటకు పాకుతుందా? పాకుతుంది అన్నాడు. ఆయన నన్ను మంచివాడనుకొని ఉంటాడు.

అప్పట్నుంచి నేను ఎదురుచూడడం మొదలుపెట్టాను. మా నేల పిచ్చయ్య నేల వైపు కొద్దిగా వాలి ఉంటుంది. కాలువల్లో నీరు కడుతున్నప్పుడు అది గట్టు దగ్గరకు పోయి ఇంకడం చూస్తూ నిలబడేవాణ్ణి. పొద్దున లేవగానే నా చెట్ల కంటే ముందు అతని చెట్ల కొనలు చూసేవాణ్ణి. ఎక్కడైనా ఒక ఆకు పసుపు పడితే ఆ రోజు నాకు ఆకలి వేసేది. దగ్గరికి పోతే అది పండి రాలబోయే ఆకై ఉండేది. అన్నం సయించేది కాదు.

ఒకరోజు శివపార్వతి చిన్న గంపలో పండ్లు పంపింది. విజయమ్మ వంటింటి గడప మీద కూర్చొని ఒకటి రెండుగా చీల్చింది. లోపల ఎర్రగా, తేనె కారుతోంది. ఆమె తింటుంటే నేను ఆమె నోరు చూస్తున్నాను. రెండో సగమూ తినింది. ఎట్లుండాది అని నేనే అడిగాను.

"మామ కాలంలో మన పండు ఇట్లనే ఉండె" అంది.

బాగుందంటే కోపం తెచ్చుకొనేవాణ్ణి. బాలేదంటే సంతోషించేవాణ్ణి. ఈ మాటకు ఏం చేయాలో తెలియలేదు. మా నాయన పండు గట్టు దాటి పోయిందని ఆమె ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండా, వేళ్ళు నాక్కుంటూ చెప్పింది. ఆ పూట నేను ఆ గంపను ముట్టలేదు. సాయంత్రం ఆమె నీళ్ళకు పోయినప్పుడు ఒకటి తిన్నాను. ఆమె చెప్పింది నిజం.

పిచ్చయ్య ఏదో మందు వాడుతున్నాడని నాకు నమ్మకం కుదిరింది. కోస్తా నుంచి తెప్పిస్తున్నాడు, దాస్తున్నాడు. నమ్మకం కుదిరాక కొంత తేలిక కూడా అనిపించింది. దాచేవాడి మీద కోపం తెచ్చుకోవడం సులువు. కొట్రమ్మ పని నుంచి పోతుంటే దారిలో ఆపి, ఆ తోటకు ఏం పోస్తాడని అడిగాను. ఆమెకు నా మీద అలకేమీ ఉన్నట్టు లేదు. పేడ, ఆకు, చెక్క, జనుము అంది.

"అంతేనా?"

"అంతేప్పా."

"ఇంకేమీ పోయడా, ఎవురూ లేనప్పుడు?"

"పోస్తాడు" అంది కొట్రమ్మ, నడుము మీద చెయ్యి పెట్టుకొని. "సెమట పోస్తాడు. అది నీకు సీసాలో దొరకదు. ఊరికే ఎండలో నిలబెట్టి అడగొద్దు, నాకు కాళ్ళు నొస్తాయి."

ఆమె మాట నేను నమ్మలేదు. పేడా ఆకూ అయితే నా చేతిలోనూ ఉన్నవే. నా చేతిలో ఉన్నదాంతోనే అతను గెలిచాడంటే, అది మందు ఉండడం కంటే ఘోరం.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం పిచ్చయ్య బళ్ళారి బస్సుకు పోవడం చూశాను. చిన్న పార తీసుకొని గట్టు దాటాను. అందరి కళ్ళూ పడే పెద్ద చెట్టు ఒకటి బావి దగ్గర ఉంది. దాని కిందికి పోయి కూర్చున్నాను. పార అవసరం కాలేదు. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది. ఆ ఎండలో, పైన ఆకు పరుపు కింద, నేల చల్లగా ఉంది. నల్లగా, పిడికిట పడితే ఉండ కట్టి, వదిలితే మెల్లగా విడిపోయేలా ఉంది. వానపాము ఒకటి నా వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. ఇది మా ఇసుకే. పొలిమేర రాయి ఒకటే, బావుల్లో జల ఒకటే.

వేరు దొరికింది. జాగ్రత్తగా మట్టి దులిపి పైకి లాగాను. బుడిపెలున్నాయి.

ఆ క్షణాన నాలో కలిగినదాన్ని సంతోషం అని తేలికగా అనలేను. ఒళ్ళంతా వెచ్చబడింది. నోట్లో నీరూరింది. నేను పైకి నవ్వాను, ఒక్కణ్ణే. ఇతనికీ ఉంది. ఇన్నాళ్ళూ ఉంది. ఇక కొద్ది రోజులే. ఇంకో వేరు లాగాను. దానికీ ఉన్నాయి. మూడోది లాగుతుంటే కనిపించింది. బుడిపె దాటాక వేరు ఆగిపోలేదు. దాని పక్క నుంచి, దాని ముందు నుంచి, జుట్టులాగా తెల్లటి కొత్త వేళ్ళు గుంపులుగా వచ్చాయి. పురుగు తినేది తింటోంది. చెట్టు అంతకంటే ఎక్కువ పుట్టిస్తోంది. నేల దానికి ఆ బలం ఇస్తోంది. అంతే. దాచిన మందేదీ లేదు. దొంగిలించడానికి నాకక్కడ ఏమీ లేదు.

"ఎండలో ఎందుకండీ, కాస్త ఇటు నీడలోకి జరగండి" అన్నాడు పిచ్చయ్య వెనక నుంచి. బస్సు తప్పిపోయిందట.

ఏం చేస్తున్నారని అతను అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేవాణ్ణి. నేను వేరు చేతిలో పట్టుకొని, తనిఖీకి వచ్చిన అమల్దారులాగా, "దీనికి బుడిపెలు ఉండాయి" అన్నాను.

"ఉన్నాయండి. మొదటిరోజు నుంచీ ఉన్నాయి."

అతను నా పక్కన గొంతుక్కూర్చొని, నేను తవ్విన చోట మట్టి మళ్ళీ కప్పుతూ చెప్పాడు.

"మొక్కలు పాతేనాడే చూశామండి. మా ఆవిడ పారేద్దామంది. నేనే వద్దన్నాను. విరూపాక్షయ్య గారు ఎవరికీ ఇవ్వనిది వేరుతో సహా పెకిలించి ఇచ్చారు, పారేశామని తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు అన్నాను. మా వైపు పైరు నీరసంగా ఉంటే నేలని మేపుతామండి. అది తప్ప నాకు తెలిసిందేమీ లేదు, అదే చేశాను." మట్టిని అరచేత్తో అదిమి నవ్వాడు. "మంచి మొక్కలే అయ్యుంటే ఇంత ఒళ్ళు వంచేవాణ్ణా? నీళ్ళు పెట్టి ఊరుకునేవాణ్ణి. మీ చలవే అనుకోండి."

అతని నవ్వులో ముల్లు ఉందేమోనని వెదికాను. లేదు. మూడేళ్ళుగా నన్ను తినేస్తున్న ఆ పచ్చదనం నా నారుమడి మూలలోంచి, నా బొటనవేలి కింద నుంచి పుట్టింది. నేను మంచి మొక్కలు ఇచ్చి ఉంటే ఇక్కడ ఒక మామూలు తోట ఉండేది, నాకు కంట్లో నలుసు ఉండేది కాదు. నేను దేనికి అసూయపడ్డానో దాన్ని నా అసూయే చేసిపెట్టింది.

జనుము విత్తనం మీకోసం కూడా ఉంచానండి అన్నాడతను లేస్తూ. రెండేళ్ళుగా ఉంచుతున్నాడట, అడుగుతానేమోనని. తొలకరి పడిన రెండు రోజుల్లో చల్లెయ్యాలి, ఈ నేలలో పదును అంతకంటే నిలవదు అన్నాడు. చూస్తాను అని చెప్పి వచ్చేశాను.

ఆ విత్తనం తీసుకోకూడదని గట్టు దాటుతుండగానే నిశ్చయించుకున్నాను. మరుసటి రోజే ఊడ్పించడం మాన్పించాను. పేడ దిబ్బ తోలించాను. కానుగ చెక్క దొరికినంత తెచ్చాను. ఇవన్నీ గట్టుకు దూరంగా ఉన్న వరసల నుంచి మొదలుపెట్టాను, అతనికి కనబడకుండా. పేడా చెక్కా మూడు వందల చెట్లకు ఏ మూలకూ రాలేదు. అంత నేలకు మేత నేలలోనే పుట్టాలి. జనుము కోసం బళ్ళారి బజారులో నాలుగు దుకాణాలు తిరిగాను. ఈ తట్టు ఎవురూ అడగరప్పా, కోస్తా నుంచి తెప్పించాల, పదైదు దినాలు పడతాది అన్నారు. పదిహేను రోజులు వాన ఆగుతుందనుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం మృగశిర వాన గంటసేపు కురిసింది. పొద్దున్నే చెట్ల మధ్య నిలబడి మట్టి పిడికిట పట్టాను. తడి ఉంది. రేపటికి ఉంటుంది. ఎల్లుండికి ఉండదు. మళ్ళీ వాన ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఈ అదను పోతే ఇంకో వేసవి ఒట్టి నేల మీదే రావాలి. ఆ వేసవి ఈ చెట్లు దాటవని వ్యవసాయ ఆఫీసులో చెప్పినాయన మాట నాకు గుర్తుంది.

విజయమ్మను పోయి అడగమన్నాను. శివపార్వతీ ఆమే కూరా నారా ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటారు.

"నేను పోతే శేరు పప్పు బదులు తెచ్చుకున్నట్లుంటాది. నువ్వు పోతే అడిగినట్లుంటాది" అంది. చేట పక్కన పెట్టి మళ్ళీ అంది, "ఆయప్పకు నువ్వేం చేసినావో నాకు తెలీదు. ఏమో చేసినావు. లేకుంటే ఇంత కోపం ఆయప్ప మీద ఉండదు నీకు."

నేను పోయాను.

పిచ్చయ్య వసారాలో ఉన్నాడు. నన్ను చూడగానే లోపలికి పోయి గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. అడగనివ్వలేదు. అడగడం ఎంత కష్టమో తెలిసి తప్పించాడు. అది కూడా నాకు భరించరానిదైంది. శేరుతో కొలిచి నేను తెచ్చిన సంచిలో పోస్తున్నాడు. నల్లటి గింజలు, గరగరమని చప్పుడు చేస్తూ. పోస్తూ, విజయమ్మ గారు కూడా చల్లడానికి వస్తే పనవుతుందండి, మా ఆవిడని కూడా పంపిస్తాను అంటున్నాడు. అతనొక మంచి తోటకు యజమాని మాత్రమే అయితే సరిపోయేది. అతను నాకంటే మంచి మనిషి కూడా అన్నది ఓర్చుకోవడం నా వల్ల కాలేదు.

"పిచ్చయ్యా, ఆ మొక్కలకు బుడిపెలు ఉండాయని నాకు తెలుసు. తెలిసే ఇచ్చినాను."

శేరు సంచి మీద ఆగిపోయింది.

"తెలిసి అంటే..." అన్నాడు.

"పెకిలిస్తానే చూసినా. అవి పారేసేటివి. బతకవనుకున్నా."

గడప దగ్గర శివపార్వతి నిలబడి ఉంది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పిచ్చయ్య నా మొహం చూడలేదు. శేరులోని గింజల్ని చూస్తున్నాడు. మూడేళ్ళ పాటు అతను ఆ మొక్కలతో పాటు ఇంకొకదాన్ని కూడా పెంచుకున్నాడు. పరాయి ఊళ్ళో మొదటిరోజుల్లో ఒక మనిషి ఎవరికీ ఇవ్వనిది తనకు ఇచ్చాడన్నది. అది నా కళ్ళ ముందే అతని మొహంలోంచి దిగిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను.

ఆ మాట నిజం చెప్పి బరువు దించుకోవడానికి అన్నానా, ఆ మొహం అలా మారడం చూడడానికి అన్నానా? ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండూ అనుకుంటే సగం మంచివాణ్ణవుతాను. అందుకే అలా అనుకోవడం మానుకున్నాను.

అతను శేరులో మిగిలినది పోశాడు. ఇంకో శేరు పోశాడు. తక్కువ చేయలేదు. సంచి మూతి కట్టుకోవడం నాకే వదిలి లేచి నిలబడ్డాడు.

"పూతకొచ్చాక దున్నండి. కాయ పట్టనిస్తే పీచు తేలుద్ది, నేలలో కుళ్ళదు" అన్నాడు. ఎప్పుడూ గట్టు దాకా మాట్లాడుతూ వచ్చే మనిషి వసారా దిగలేదు.

ఆ మధ్యాహ్నం విజయమ్మా నేనూ చల్లాం. శివపార్వతి రాలేదు. ఎందుకు రాలేదో విజయమ్మ అడగలేదు. ఆమె ఒడిలోంచి పిడికెడు పిడికెడు తీసి విసురుతుంటే గింజలు తడి ఇసుక మీద పడి నిలిచాయి. వెనకే నేను గుంటక తోలాను. నాలుగో రోజుకు మొలక కనిపించింది. చెట్ల నడుమ, మా నాయన ఒక గడ్డిపోచను కూడా ఓర్వని చోట, సన్నగా పచ్చగా లేచింది. నా చెయ్యి పీకడానికి లాగింది. నడుమెత్తు పెరిగి పూసినప్పుడు నా కళ్ళకది తోటలాగా లేదు, దిక్కులేని బీడులాగా ఉంది. దున్ని తొక్కించాను. రెండో కారుకు పిచ్చయ్య ఇచ్చినదాంట్లో మిగిలింది చల్లాను. మళ్ళీ తొక్కించాను.

తరువాతి వేసవికి ఇంకో ముప్పై మూడు చెట్లు పోయాయి. తక్కినవి నిలిచాయి. కాపు అంతంతమాత్రమే. కానీ మధ్యాహ్నం ఆకు వాలడం తగ్గింది. ఒకరోజు విజయమ్మ తూర్పు వరసలో ఒక చెట్టు మొదట్లో మట్టి తీసి, ఒక వేరు నా చేతికిచ్చింది. బుడిపెలున్నాయి. వాటి మధ్య నుంచి తెల్లటి పిల్లవేళ్ళు నాలుగో ఐదో వచ్చాయి.

ఆయప్పకు చూపించు అంది.

ఏడాదిగా పిచ్చయ్యకూ నాకూ మాటల్లేవు. పోట్లాట కూడా లేదు. బస్సులో ఎదురుపడితే జరిగి చోటిస్తాడు. గట్టు దగ్గరికి పోయి పిలిచాను. అతను కొమ్మలు కత్తిరిస్తున్నవాడు కత్తి నడుముకు దోపుకొని మెల్లగా వచ్చాడు. గట్టుకు అటే నిలబడ్డాడు. నేను వేరు చాపాను. తీసుకొని, ఎండకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వేరు పోస్తోందండి" అన్నాడు. "ఇంకో రెండేళ్ళు మేపాలి."

"మేపుతా."

అతను వేరు తిరిగి ఇచ్చాడు. అతని భుజం మీదుగా నా చూపు ఆ బావి దగ్గరి పెద్ద చెట్టు మీదికి పోయింది. ఈ ఏడు ఇంకా గుబురుగా ఉంది. కొమ్మ కొమ్మకూ కాయ. నా చెట్లలో అలాంటిది ఒక్కటైనా ఉందా అని మనసు వరసలన్నీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆపాలని చూశాను. ఆగలేదు. నేను ఎటు చూస్తున్నానో పిచ్చయ్య గమనించాడు. నాకు ఆ చెట్టు కనబడకుండా తానే అడ్డం వచ్చేలా కొంచెం పక్కకు జరిగి నిలబడ్డాడు.